మా మనవడి నిద్ర ఎవరు చెడగొట్టారు

"బిడ్డకి నేను మందు పెట్టి నిద్రపుచ్చుతానని నీ నోటితో నువ్వే అన్నావు గదా వదినా. ఇంక నీ గడప తొక్కను."

"తొక్కబాక. బిడ్డ మాత్రం నా కాడే ఉంటాడు."

"ఉంచుకో. వాడి నిద్రతో పాటు నీ నిద్ర గూడా పోగొట్టుకో."

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవి. ఆమె నా వియ్యపురాలు, మా కోడలి తల్లి. ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, నా మొహం చూడకుండా ఆ చివరి మాట అంది. బస్సు కదిలింది. అది జరిగి ఎనిమిది నెలలు. ఇప్పటికీ మా మధ్య మాట లేదు.

నేను చెబుతుంటే ఇది రాస్తున్నది ఆమె కూతురే. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. బస్సు బోర్డు మీద మొదటి అక్షరం చూసి ఏ ఊరికో పోల్చుకుంటాను, అంతే. తల్లిని గురించి అత్త చెప్పే మాటలు కూతురు ఎంతవరకు ఉన్నదున్నట్టు రాస్తుందో నాకు అనుమానమే. అయినా ఇంట్లో రాయగలిగిన మనిషి ఆమె ఒక్కతే. ఏడాది బిడ్డ నిద్రపోని ఇంట్లో ఎవరు ఎవరిని ఎంత మాట అంటారో, నాలాంటి అవ్వలు చదివించుకుని వింటారని చెబుతున్నాను.

మొదటి కాన్పు కాబట్టి కోడలు ఉదయగిరి పుట్టింటికి పోయింది. పదకొండు నెలలు బిడ్డ అక్కడే పెరిగాడు. వేసవి సెలవులు అయిపోయి బడులు తెరిచేసరికి ఆమె వాణ్ణి తీసుకుని ఆత్మకూరు వచ్చింది. సంగంలో ఒక ప్రైవేటు బడిలో ఆమె టీచరు. పొద్దున ఏడున్నరకు బయలుదేరితే గాని ఎనిమిదింటి బస్సు దొరకదు. నా కొడుకు పాల వ్యాను తోలుతాడు. వేకువన మూడింటికి లేచి కొండాపురం వైపు ఊళ్ళు తిరిగి పాల క్యాన్లు ఎత్తుకొస్తాడు. ఇక పగలంతా బిడ్డకు దిక్కు నేనే. ఇరవై ఏళ్ళు బస్టాండులో సీతాఫలాలూ చింతపండూ అమ్మినదాన్ని. కదిలే బస్సుల కిటికీలకేసి అరిచి అరిచి గొంతు జీర పట్టింది, అది మళ్ళీ బాగుపడలేదు. మోకాళ్ళు పోయాక అమ్మకం మానేశాను. ఇంట్లో ఊరకే కూర్చున్న నాకు ఒక పని దొరికింది, ఆ పని పేరు మనవడు. వాడు వచ్చిన రోజు నేను అన్నం కూడా సరిగ్గా తినలేదు, వాడి మొహమే చూస్తూ కూర్చున్నాను.

మొదట్లో ఏ గొడవా లేదు. రాత్రి ఎనిమిదికి పడుకుంటే తెల్లవారి ఆరింటికి లేచేవాడు. మధ్యలో ఒకసారి పాలకు కదిలితే కదిలాడు. ఏడాది నిండిన పండగ చేసుకున్నాం. ఆ తర్వాత పది రోజులకేమో, ఒక రాత్రి పదకొండింటికి కెవ్వుమన్నాడు. చూస్తే చాప మీద లేచి నిలబడి, కిటికీ ఊచ పట్టుకుని ఉన్నాడు. అప్పటికి వాడికి రెండడుగులు కూడా సరిగ్గా రావు. ఎత్తుకుంటే ఊరుకున్నాడు, పడుకోబెడితే మళ్ళీ అందుకున్నాడు. ఆ రాత్రి నాలుగుసార్లు. మరుసటి రాత్రి అయిదుసార్లు. ఇక అదే వరస.

కిరాణా కొట్టువాళ్ళు ఇచ్చిన క్యాలెండరు వంటింట్లో వేలాడుతుంటుంది. పొద్దున్నే పొయ్యిలోంచి బొగ్గు ముక్క తీసి, వాడు ఎన్నిసార్లు లేచాడో అన్ని చుక్కలు ముందు రోజు గడిలో పెట్టేదాన్ని. చదువు రాకపోయినా ఏ గడి ఏ రోజుదో తెలుసు. ఆదివారాలు ఎర్రగా ఉంటాయని తెలుసు. ఈ చుక్కలు ఎందుకంటే, తప్పు ఎవరిదో పట్టుకోవాలని. బస్టాండులో వ్యాపారం చేసినదాన్ని, తక్కెడలో మోసం ఎవరు చేస్తారో కన్ను చూసి చెప్పేదాన్ని. బిడ్డ నిద్ర ఊరికే పోదు, ఎవరో చెడగొట్టి ఉండాలి.

మొదట పక్కింటామె మీద పడింది నా అనుమానం. వాడు ఏడవడం మొదలుపెట్టిన రోజు సాయంత్రమే ఆమె వచ్చి, "ఏమ్మే, మీ వాడు ఎంత బుద్ధిమంతుడో! పడుకుంటే కదలనే కదలడంట గదా!" అని బుగ్గ గిల్లి పోయింది. ఉప్పూ మిరపకాయలూ దిగదీసి పొయ్యిలో వేశాను. ఘాటు రాలేదు. ఘాటు రాకపోతే దిష్టే అని మా లెక్క. ఆమెతో వాకిట్లోనే మాట్లాడి పంపేయడం మొదలుపెట్టాను. చుక్కలు తగ్గలేదు.

పళ్ళేమో అని చిగుళ్ళు తడిమి చూశాను. వెనకవైపు గట్టిగా ఒకటి తగిలింది. వేలు కొరికాడు. అనుమసముద్రంపేట దర్గాకు పోయి తాయెత్తు కట్టించుకొచ్చాను. ఆ రాత్రి వాడు మొద్దునిద్ర పోయాడు. మూడు బస్సులు మారి ఎండలో తిరిగాం మరి. మర్నాటికి మళ్ళీ మామూలే.

ఆఖరికి సాంబ్రాణిని కూడా అనుమానించాను. పొద్దున వాడికి నీళ్ళుపోసి, సాంబ్రాణి పొగ వేసి, చీర ఉయ్యాలలో ఊపితే పావుగంటలో నిద్రలోకి జారేవాడు. జూలై నెల నడిమికి వచ్చేసరికి సాంబ్రాణి గిన్నె చూస్తేనే బిగుసుకుపోయి ఏడవసాగాడు. సాంబ్రాణిలో కొట్టువాడు ఏదో కలిపాడని కొట్టు మార్చాను. కొత్త కొట్టు సాంబ్రాణికీ అదే ఏడుపు.

ఇట్లా ఉండగా ఒక వేకువ నా కొడుకు వ్యాను తోలుతూ కునుకు తీశాడు. కొండాపురం దగ్గర ముందు చక్రం రోడ్డు దిగి గుంతలో పడింది. మనిషికి ఏమీ కాలేదు. క్యాన్లు దొర్లి పాలు పోయాయి. ఆ సాయంత్రం వాడు అన్నం ముందు కూర్చుని తల ఎత్తకుండానే చెప్పాడు.

"నెలాఖరు దాకా చూద్దాం మా. అప్పటికీ వీడు పడుకోకపోతే ఉదయగిరిలో వదిలిపెట్టి వద్దాం. ఆడ బాగానే నిద్రపోయినాడు గదా."

"తల్లి ఈడ, బిడ్డ ఆడనా?" అన్నాను.

"వారం వారం పోయి చూసుకుంటాంలే అత్తా," అంది కోడలు. ఆమె కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి. బళ్ళో పిల్లల పేర్లు మరచిపోతున్నానని అంతకు ముందు రోజే చెప్పింది.

నాకు ప్రాణం ఉసూరుమంది. ఉన్న విషయం చెబుతున్నాను, రాయమ్మా, ఆపకు. ఆ క్షణం నుంచి నాకు కావాల్సింది బిడ్డ నిద్ర కాదు. వాడు నా ఇంట్లో ఉండాలి. అందుకు ఒక్కటే దారి కనిపించింది. ఉదయగిరిలో వాడు బాగా నిద్రపోయాడన్న మాటలోనే ఏదో మోసం ఉందని తేలాలి.

వియ్యపురాలు ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే చోట పని చేస్తుంది. చెక్కిన గరిటెలను, ఇంటికి కూడా తెచ్చుకుని, గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేయడం ఆమె పని. వాడికోసం చిటికెన వేలంత చెంచా ఒకటి తెచ్చింది. జూలైలో ఒకసారి వచ్చి శని, ఆదివారాలు ఉండి పోయింది. ఆ రెండు రాత్రులూ గళ్ళలో చుక్కల్లేవు. ఆగస్టులో మళ్ళీ వచ్చింది, అదీ శనివారమే. ఆ రాత్రి కూడా బిడ్డ కదల్లేదు. ఆమె పక్కలో వాడు కాళ్ళు చాపి పడుకున్నాడు. నేను మాత్రం నిద్రపోలేదు. వంటింట్లోకి పోయి ఆ చెక్క చెంచా తీసి వాసన చూశాను. జాజికాయ వాసన!

ఇక్కడ నా సంగతీ చెప్పాలి. చంటిబిడ్డకు వస, కరక్కాయ, జాజికాయ సాన మీద పాలతో ఒక్కో రాపు అరగదీసి నాకించడం మా ఊళ్ళలో ప్రతి అవ్వా చేసేదే. నా బిడ్డలకూ చేశాను. ఈ మనవడికి కూడా ఆషాఢంలో రెండుసార్లు నేనే పెట్టాను. కోడలికి చెప్పలేదు. ఇప్పుడు ఈ ముక్క రాస్తూ ఆమె నా వైపు ఎట్లా చూస్తోందో చెప్పలేను. కానీ ఆ రాత్రి నేను పెట్టింది నాకు గుర్తుకు రాలేదు, ఆమె చెంచా వాసన మాత్రం ముక్కుకు పట్టుకుంది.

ఆదివారం మధ్యాహ్నం ఆమె సంచి సర్దుకుంటుంటే అడిగాను.

"వదినా, నిజం చెప్పు. వాడికి ఏం పెడతావు?"

"ఏం పెడతా? అన్నం పెడతా, పప్పు పెడతా."

"నువ్వొచ్చిన రోజే ఎందుకు పడుకుంటాడు? జాజికాయ ఎన్ని రాపులు రుద్దినావు? పదకొండు నెలలూ అదే పెట్టి పెంచినావా?"

ఆమె సంచి కింద పెట్టింది. "ఒక్క రాపు. నీకు తెలియందా? నీ గొంతుకే బిడ్డ జడుసుకుంటుండాడని మా ఊళ్ళో నలుగురూ అంటే, కాదులే పాపం అని నేనే నోరు మూయించినా. నువ్వా నన్ను అనేది!"

"నా గొంతు కూడు పెట్టిన గొంతు. నీమాదిరి బిడ్డను మత్తులో పెట్టి పని చేసుకునేదాన్ని కాదు."

అన్నాను. మత్తు అన్న మాట అన్నాను. వదిలేయకుండా రాయి. కోడలు గుమ్మంలో నిలబడి విన్నది. తల్లి ఏడవలేదు. సంచి ఎత్తుకుని బస్టాండుకు నడిచింది. నేనూ వెంట నడిచాను, ఇంకా నాలుగు మాటలు మిగిలిపోయాయని. ఆ నాలుగు మాటలు మొదట్లో చెప్పాను.

సోమవారం రాత్రి బిడ్డ ఆరుసార్లు లేచాడు. బుధవారం కోడలు బడికి సెలవు పెట్టి, "డాక్టరు కాడికి పోదాం రా అత్తా. మా అమ్మ మందు పెట్టిందో లేదో ఆమే చెప్తాది," అంది. ఆ మాటలో వేడి నాకు తెలుసు. సరే, నాకూ కావాల్సింది అదే. క్యాలెండరు మేకు నుంచి తీసి, చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని పోయాను. సాక్ష్యం ఉండాలి కదా.

పిల్లల డాక్టరమ్మ బిడ్డను అటూ ఇటూ తిప్పి, చెవుల్లో లైటు వేసి, పొట్ట నొక్కి, జబ్బేమీ లేదంది. టానిక్కు రాయలేదు. టానిక్కు రాయని డాక్టరు మీద నాకు నమ్మకం ఉండదు. క్యాలెండరు విప్పి బల్ల మీద పరిచాను.

"ఇదేందమ్మా?"

"చుక్కకు ఒకసారి లేచినట్టు మేడం. చూడు, మా వియ్యపురాలు వచ్చిన రోజు ఈడ చుక్క లేదు. ఈడా లేదు. ఆమె జాజికాయ పెడుతుండాది."

డాక్టరమ్మ కళ్ళజోడు పైకి నెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ వచ్చింది.

"అవ్వా, ఎర్ర గళ్ళల్లో ఏ వారమూ చుక్కలు లేవే. ఉంటే ఒకటి. ఆమె ప్రతి ఆదివారం వస్తాదా?"

"మా అమ్మ వచ్చింది రెండే సార్లు మేడం," అంది కోడలు, నా కంటే ముందు.

నెలన్నరగా ఆ క్యాలెండరు నా కళ్ళ ముందే వేలాడుతోంది. ఆమె వచ్చిన గళ్ళే చూశాను గాని పక్క గళ్ళు చూడలేదు.

"ఆదివారం ఇంట్లో ఏం తేడా?" అని అడిగింది డాక్టరమ్మ.

"నేను బడికి పోను. మా అమ్మ వచ్చిన ఆ శనివారాలు గూడా రెండో శనివారం సెలవులే," అంది కోడలు.

"మిగతా రోజులు పోయేటప్పుడు బిడ్డకి చెప్పి పోతావా?"

కోడలు నా వైపు చూసింది. జవాబు నేనే చెప్పాల్సి వచ్చింది. ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను.

నా భర్త పోయి తొమ్మిదేళ్ళు. పోయిన ఏడాది లోపే ఒక రోజు, మా వీధిలో కొట్టు నడిపే వాళ్ళ ఇంటామె నిశ్చితార్థానికి పళ్ళేలతో బయలుదేరింది. నేను బిందెతో ఎదురయ్యాను. ఆమె ఏమీ అనలేదు. నవ్వింది కూడా. నవ్వి వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయి, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని, నేను సందు మలుపు తిరిగాక బయటికి వచ్చింది. అప్పటి నుంచి వీధిలోకి అడుగుపెట్టే ముందు నేను కిటికీలోంచి చూసుకుంటాను. మా ఇంట్లో ఎవరైనా ఊరికి పోతుంటే పెరట్లోకి తప్పుకుంటాను. నా కొడుకు తప్పుకోమని ఒక్కనాడూ అనలేదు. నాకు నేనే పెట్టుకున్న అలవాటు.

కోడలు ఉద్యోగానికి బయలుదేరే వేళ ఇంట్లో ఏడుపు వినపడకూడదు, నేను ఎదురుపడకూడదు. రెండింటికీ కలిపి ఒక ఉపాయం చేశాను. ఏడు కాకముందే బిడ్డకు నీళ్ళుపోసి, సాంబ్రాణి వేసి, వెనక గదిలో ఉయ్యాలలో నిద్రపుచ్చేదాన్ని. వాడు నిద్రలోకి జారగానే గొంతు సవరించుకునేదాన్ని. ఆ దగ్గు విని కోడలు చెప్పులు చేత్తో పట్టుకుని వీధి తలుపు దాటేది. శకునం చెడలేదు, బిడ్డ ఏడవలేదు, ఎంత తెలివైనదాన్నో అనుకునేదాన్ని. వాడు తొమ్మిదింటికి లేచి, ఇల్లంతా పాక్కుంటూ తలుపుల వెనకాల, మంచం కింద వెతుక్కుంటుంటే ఆట అనుకునేదాన్ని.

ఇదంతా డాక్టరమ్మకు చెప్పాను. రాత్రి కూడా ఉయ్యాలలో ఊపి, నిద్రపోయాక చాప మీదికి మారుస్తామనీ చెప్పాను. ఆమె నవ్వలేదు.

"అవ్వా, ఆర్నెల్ల బిడ్డకు అమ్మ కనపడకపోతే మర్చిపోతాడు. ఏడాది బిడ్డ మర్చిపోడు. కనపడకపోయినా యాడో ఉండాదని వాడికి తెలుస్తాది. నిద్రపోయిన ప్రతిసారీ అమ్మ మాయమైపోతుంటే వాడు ఏమనుకుంటాడు?"

"ఏమనుకుంటాడు?"

"కళ్ళు మూసుకుంటే అమ్మ వెళ్ళిపోతాదనుకుంటాడు. కాపలా కాస్తుండాడు, అంతే. ఇంకోటి. మనమందరం రాత్రి మధ్య మధ్యలో కదులుతాం. అన్నీ ఎక్కడివి అక్కడే ఉంటే మళ్ళా పడుకుంటాం. నువ్వు మంచం మీద పడుకుని, నడిజామున కళ్ళు తెరిస్తే వాకిట్లో ఉన్నావనుకో. ఏం చేస్తావు?"

"అరుస్తా."

"వాడు ఉయ్యాల్లో పడుకుంటాడు, లేస్తే చాప మీద ఉంటాడు. వాడూ అరుస్తుండాడు. పళ్ళూ నడకా గూడా వస్తుండాయి కాబట్టి ఇంకొంచెం ఎక్కువ."

మందు ఏమీ లేదంది. జాజికాయ మాత్రం ఇద్దరు అవ్వలూ మానేయాలంది. ఇద్దరూ అన్నప్పుడు నేను నేల చూశాను. ఇక చేయాల్సింది ఒకటే. రోజూ తల్లి బిడ్డ మొహం చూసి, పోయొస్తానని చెప్పి పోవాలి. ఏడ్చినా సరే చెప్పే పోవాలి. వాడు మెలకువగా ఉండాలి, ఎవరో ఒకరు వాణ్ణి ఎత్తుకుని గుమ్మంలో నిలబడాలి.

ఎవరో ఒకరంటే నేనే. ఇంకెవరున్నారు?

బయటికి వచ్చి ఆటో ఎక్కాక కోడలితో అన్నాను, ఆ డాక్టరమ్మకు ఏం తెలుసు, బయటి ఊళ్ళో పెరిగిన మనిషి అని. ఊరకే మాటలు చెప్పి ఫీజు తీసుకుందన్నాను. కోడలు బిడ్డను నిమురుతూ కూర్చుంది. ఇంటి దగ్గర దిగేటప్పుడు మాత్రం, "నెలాఖరుకు ఇంకా పద్దెనిమిది రోజులుండాయి అత్తా," అంది.

గురువారం పొద్దున వాడు మెలకువగా ఉన్నాడు. నేను వాణ్ణి ఎత్తుకుని తలుపు రెక్క వెనకాల నిలబడ్డాను. బిడ్డను మాత్రం రెండు చేతులతో బయటికి చాపాను. కోడలు చెప్పులు వేసుకుంటూ చూసింది.

"ఇదేంది అత్తా?"

"వాడు కనపడుతుండాడు గదా. చెప్పు, చెప్పి పో."

"నీ మొగం శకునమైతే నీ చేతులు కావా?"

బిడ్డ వెనక్కి తిరిగి నా కోసం చూశాడు. కనపడలేదు. ఏడుపు అందుకున్నాడు. అవ్వ కూడా మాయమైపోయిందని వాడికి అనిపించిందేమో. చేతులు లాగుతున్నాయి. తలుపు వెనక నుంచి ఒక్కడుగు బయటికి వచ్చాను. తొమ్మిదేళ్ళలో, ఒక ముత్తైదువ ఊరికి బయలుదేరుతుంటే ఆమె మొహం ఎదురుగా నిలబడడం అదే మొదలు. కోడలు బుగ్గ మీద ముద్దు పెట్టి, "పోయొస్తా నాయనా, సాయంత్రం వస్తా," అంది. వాడు నా జాకెట్టు పీకి, కొంగు లాగి, వీధి వీధంతా వినపడేట్టు ఏడ్చాడు. ఆమె వెనక్కి తిరిగి చూడకుండా పోయింది.

ఆ రోజు నేను ఏ పనీ చేయలేదు. సంగం రోడ్డు మీద లారీలు ఎట్లా పోతాయో నాకు తెలుసు. ఫోనులో కోడలి ఫోటో మీద నొక్కితే చాలని నేర్పించారు. తొమ్మిదింటికి నొక్కాను.

"క్లాసులో ఉన్నా అత్తా. ఏమైంది, ఏడుస్తుండాడా?"

"వాడు పది నిమిషాలకే ఊరుకున్నాడు. నువ్వు బాగుండావా?"

"నాకేం అయ్యింది?"

ఏమీ కాలేదు. మర్నాడూ చేశాను, ఆ మర్నాడూ చేశాను. అయిదో రోజు బస్సు దారిలో పంచరయి గంట ఆలస్యంగా బడికి చేరింది. ఆ కబురు విని నేను దేవుడి పటం ముందు కూలబడ్డాను. సాయంత్రం ఆమె వచ్చి నా పక్కనే కూర్చుని, "పంచరైంది నీ మొగం వల్ల కాదత్తా, మేకు వల్ల. డ్రైవరు తీసి చూపించినాడు," అంది. అప్పటికీ నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. కానీ పొద్దున్నే తలుపు వెనక్కి పోలేదు.

రాత్రిపూట ఉయ్యాల తీసేశాం. మొదటి నుంచీ చాప మీదనే, తల్లి పక్కన పడుకోబెట్టాం. లేచినప్పుడు ఎత్తుకోకుండా, వీపు మీద చెయ్యి వేసి, "ఈడనే ఉండా," అని కోడలు చెప్పేది. చెప్పడం తేలిక. మొదటి రాత్రి నలభై నిమిషాలు ఏడ్చాడు. వాడి చుట్టూ ఏదో కుట్ర జరుగుతున్నట్టు ఒక్కొక్కరి మొహం చూశాడు. చీకట్లో చెయ్యి చాపి తల్లి గాజులు తడిమి చూసుకున్నాడు. ఉన్నాయా లేవా అని. ఆ ఇంట్లో నాకంటే అనుమానం మనిషి వాడేనని అప్పుడు తెలిసింది. వాణ్ణి అట్లా చేసింది ఎవరో కూడా తెలిసింది.

నెలాఖరుకు చుక్కలు మాయం కాలేదు. అయిదు మూడయ్యాయి, మూడు రెండయ్యాయి. ఒక వారం జ్వరమొచ్చి మళ్ళీ అయిదయ్యాయి. కానీ నా కొడుకు క్యాలెండరు ముందు నిలబడి లెక్క చూసుకుని, "సరేలే మా, ఈడనే ఉండనీ," అన్నాడు. ఇప్పుడు వాడికి ఏడాది పది నెలలు. ఎప్పుడో ఒకసారి లేస్తాడు. చెయ్యి వేస్తే పడుకుంటాడు. పొద్దున తల్లికి చెయ్యి ఊపుతాడు. కొన్ని రోజులు ఏడుస్తాడు, కొన్ని రోజులు ఆమె బస్సు ఎక్కకముందే నన్ను పెరట్లో వాలే పిట్టల దగ్గరికి లాక్కుపోతాడు.

వాడు నా దగ్గరే ఉన్నాడు. నేను గెలిచాను. గెలిచినదాన్ని ఉదయగిరికి మూడుసార్లు ఫోను చేయించాను. ప్రతిసారీ ఆమె భర్త ఎత్తి, "పనిలో ఉండాదమ్మా," అన్నాడు. మూడోసారి ఆయన వెనకాల గరుకు కాగితం రుద్దుతున్న చప్పుడు వినపడింది. నా గొంతు వినగానే ఆ చప్పుడు ఆగిపోయింది. పక్కనే ఉండి వింటోంది. నేను, "తప్పు నాదే అని చెప్పన్నా," అన్నాను. ఆయన, "చెప్తాలే," అన్నాడు. చెప్పాడో లేదో. రుద్దుడు మళ్ళీ మొదలైంది.

వచ్చే వారం బడికి వేసవి సెలవులు. కోడలు బిడ్డను తీసుకుని నెల రోజులు పుట్టింటికి పోతానంది. ఈ మాట వినగానే నాకు మళ్ళీ పాత బుద్ధే వచ్చింది. అక్కడ వాడు బాగా నిద్రపోతే ఇక పంపరేమో, తల్లీ కూతుళ్ళు ముందే అనుకున్నారేమో, అందుకే నా చేత ఇదంతా చెప్పిస్తున్నారేమో అని రెండు రోజులు లోపల కుమిలాను. అడిగాను కూడా. కోడలు కలం కింద పెట్టి, "నువ్వు వద్దంటే పోనులే అత్తా," అంది. ఆ జవాబుకు నేను ఏం చేయాలి? వద్దంటే ఆమె పోదు. ఆమె పోకపోతే వాడికి ఒక అవ్వే మిగులుతుంది.

తీసుకుపొమ్మన్నాను. ఈ కాగితాలు కూడా తీసుకుపొమ్మన్నాను. వదినా, నీ కూతురు నీకు ఇది చదివి వినిపిస్తుంది. వాడు పడుకున్న చోటే లేవాలి. వాడు నిద్రలో ఉన్నప్పుడు నీ కూతుర్ని సంతకూ గుడికీ పంపబాక. పోయేది ఉంటే వాడికి చెప్పి పోనీ, ఏడిస్తే ఏడవనీ. జాజికాయ వద్దు, నేనూ మానేశాను. నేను పెట్టిన సంగతి పైన రాయించాను, నువ్వొక్కదానివే కాదు. వాడు కొంచెం బాగుపడ్డాడంటే నువ్వు వచ్చిన రెండు శనివారాలు ఆ క్యాలెండరులో ఉండబట్టే, నీ మీద సాక్ష్యమని దాన్ని నేను డాక్టరమ్మ దగ్గరికి మోసుకుపోబట్టే. వాడు బయలుదేరే రోజు నేను దాక్కోను. నా మొహం చూపించి, నెల తర్వాత వస్తావు నాయనా అని నేనే చెబుతాను. ఏడ్చేది వాడో నేనో చూడాలి.

ఇంతే. కలం మూయకు. కాస్త మంచినీళ్ళు తాగి, ఇటు వెలుతురులోకి జరిగి, రాసినదంతా నాకు చదివి వినిపించమ్మా. మీ అమ్మను నేను అన్న ఆ మాట దగ్గర నీ చెయ్యి ఆగింది, నేను చూశాను. అక్కడ ఏం రాశావో వినాలి. నిదానంగా చదువు.